చెట్టెక్కిన ఆక్టోపస్: ఏది నమ్మాలో పిల్లలకి ఎలా నేర్పాలి?

ఈ రోజు ఎపిసోడ్‌లో నేను ఫెయిలైన ఒక క్లాసు గురించి చెప్తాను.

బీటెక్ అయ్యాక నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. టెస్టింగ్ వాళ్లకి ఒక జబ్బుంటుంది, ఏ పని ఇచ్చినా ముందు చెక్‌లిస్ట్ రాసేస్తాం. పోయిన జనవరిలో మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి "ఫోన్‌లో వచ్చేవాటిలో ఏది నమ్మాలి" అనేది చెప్పమంటే, అదే చేశాను. పది ప్రశ్నలు. రాసినవాళ్ల పేరుందా? తేదీ ఉందా? అక్షర దోషాలు లేవు కదా? ఫోటోలు ఉన్నాయా? ఇలాంటివి.

తర్వాత గోడ మీద ప్రొజెక్టర్‌తో ఒక వెబ్‌సైట్ చూపించా, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే తెలుగులో చదివి చెప్పా. అమెరికా వాయవ్య తీరం అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ ఉందట, అంతరించిపోతోందట, మనం కాపాడాలట. 1998లో ఒకాయన సరదాకి పెట్టిన సైట్ అది. పిల్లలు బుద్ధిగా టిక్కులు పెట్టుకుంటూ వెళ్లారు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "సార్, పదికి ఎనిమిది వచ్చాయి. ఫస్ట్ క్లాసే కదా?" అంది.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం చెమట పట్టింది.

తప్పు ఆ అమ్మాయిది కాదండీ. 2006లో అమెరికాలో కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్లు ఇదే సైట్‌ని ఏడో తరగతి పిల్లలకి చూపిస్తే, దాదాపు అందరూ నమ్మేశారు. ఇది అబద్ధం అని చెప్పాక కూడా కొందరు ఒప్పుకోలేదు. మన చెక్‌లిస్ట్ ఏం అడుగుతోంది? పేజీ అందంగా ఉందా అని అడుగుతోంది. అబద్ధం రాసేవాడికి అందంగా రాయడం రాదా ఏంటి!

మరి తెలిసినవాళ్లు ఎలా చూస్తారు? స్టాన్‌ఫోర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ ఒక ప్రయోగం చేశారు, 2017లో బయటికి వచ్చింది. పదిమంది చరిత్ర ప్రొఫెసర్లు, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు, పాతికమంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు. రెండు పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు చూపించారు. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద సంఘం. రెండోది 2002లో దాంట్లోంచి విడిపోయిన చిన్న గుంపు. పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి. విద్యార్థులు ఆ పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు, సగానికి పైగా చిన్న గుంపునే ఎక్కువ నమ్మారు. ప్రొఫెసర్లు కూడా చాలామంది తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు ఆ పేజీని సరిగ్గా చదవనే లేదు! కొన్ని సెకన్లలో కొత్త ట్యాబ్ తెరిచి, ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు.

మనం పెళ్లి సంబంధం వస్తే చేసేది ఇదే కదా. అబ్బాయి బయోడేటా ఎంత బాగున్నా, వాళ్ల వీధిలో వాకబు చేయకుండా ఉంటామా?

దీనికి ప్రాణాలు పోయిన ఉదాహరణ ఉంది. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. బైక్ మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. ఆ పుకార్లు నమ్మి మన తెలంగాణలో కూడా అమాయకుల్ని కొట్టి చంపారు. అసలు ఆ వీడియో కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ తీసిన అవగాహన సినిమా. చివర్లో వాళ్లు పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి పంపారు. మీరు ఆ వీడియోని వందసార్లు చూడండి, కత్తిరించిన ముక్క అందులో కనపడదు. ఒక సీన్ దగ్గర ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వెతికితే అది ఇంకెక్కడెక్కడ ఉందో దొరికే అవకాశం ఉంది.

కాబట్టి రెండో వారం చెక్‌లిస్ట్ చించేసి వెళ్లా. ఒకటే ప్రశ్న: "ఇది చెప్పినవాళ్ల గురించి వేరేవాళ్లు ఏమంటున్నారు?" పిల్లలు చకచకా పట్టేశారు. నేను పొంగిపోయా. అక్కడ రెండోసారి దెబ్బ తిన్నా.

ఏది చూపించినా "ఫేక్ సార్!" అని అరవడం మొదలైంది. వెతకడం మానేసి అరుస్తున్నారు. ఫిబ్రవరి 10న బడిలో నులిపురుగుల మాత్రలు ఇస్తారని ఆరోగ్య శాఖ నోటీసు పెట్టా. అది నిజమైనదే. వెనక బెంచీ అబ్బాయి ఒకడు "అదీ ఫేకే. ఆ మాత్ర వేసుకుంటే చచ్చిపోతారంట, మా బాబాయ్ గ్రూప్‌లో వచ్చింది" అన్నాడు.

ఇది నవ్వే విషయం కాదు. కేరళలోని కన్నూర్ జిల్లాలో ఇలాంటి పుకార్లు నమ్మే తల్లిదండ్రులు తట్టు, రుబెల్లా టీకా వద్దన్నారు. తర్వాత 2018లో అక్కడి కలెక్టర్ దాదాపు 150 ప్రభుత్వ బడుల్లో ఈ పాఠం మొదలుపెట్టించారు. అన్నీ నమ్మేవాడూ, ఏదీ నమ్మనివాడూ ఇద్దరూ వెతకరు. నేను మొదటివాణ్ణి రెండోవాడిగా మార్చానంతే.

ఆ అబ్బాయికి ఫోన్ లేదు. "మరి వేరేవాళ్లని ఎలా అడుగుతావ్?" అన్నా. కాసేపు ఆలోచించి, "మా వీధిలో ఆశా అక్క ఉంది సార్" అన్నాడు. సరే, అడిగి రా అన్నా. ఇంకో ఇద్దరికి కూడా అదే పని, ఒకరు సైన్స్ మేడమ్‌ని, ఒకరు పీహెచ్‌సీలో నర్సుని.

మర్నాడు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "అడిగా సార్. ఏటా ఇస్తారంట. కొందరికి కాస్త కడుపునొప్పో వికారమో వస్తుందంట, తగ్గిపోతుందంట. మధ్యాహ్నం అన్నం తిన్నాక నమిలి మింగాలంది."

"మరి బాబాయ్‌కి చెప్పావా?"

"చెప్పా సార్. నీకెవరు చెప్పార్రా అన్నాడు. ఆశా అక్క నంబర్ ఇచ్చా."