అతిథిని ఏ బండి ఎక్కించాలి?



మన సంఘములకు దూరదేశముల నుండి అతిథులు రావడం కొత్త కాదు. వారికి ఏమి వండాలి, ఎక్కడ పడక వేయాలి అని ఎంతో ఆలోచిస్తాము. కాని వారు మన ఊరి నుండి పక్క పట్నమునకు వెళ్లాలన్నప్పుడు మాత్రం ఒక్క క్షణమైనా ఆలోచించక, "కారు మాట్లాడుదాం" అంటాము. నారాయణఖేడులో మేమూ అలాగే అన్నాము. దానివలన నేర్చుకొన్నది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

2024 డిసెంబరు 25తో మెదక్ మహాదేవాలయము ప్రతిష్ఠింపబడి నూరేండ్లు నిండాయి. ఆ పండుగ చూడడానికి ఇంగ్లండు నుండి వచ్చిన ఒక నర్సమ్మ, తరువాత మూడు దినములు మా ఇంట బస చేశారు. వయస్సు డెబ్బయి దాటింది. ఉద్యోగము మాని చాలా కాలమైంది. మా వీధి ముసలమ్మలు ఆమెను చూడగానే "దొరసానమ్మా" అని పిలిచారు. ఆమె నవ్వి, వారి పక్కనే అరుగు మీద కూర్చున్నారు.

నాలుగవ దినమున ఆమె బీదరు వెళ్లాలి. అక్కడి కోట, 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా చూసి, సాయంకాలము రైలులో హైదరాబాదు చేరుకోవాలని ఆమె కోరిక. బీదరు మాకు పరాయి ఊరు కాదు. 1956 నవంబరు 1న రాష్ట్రములు విడిపోయేదాకా నారాయణఖేడు తాలూకా బీదరు జిల్లాలోనే ఉండేది. మా తాతల కాలములో కచేరీ పనికి అక్కడికే నడిచేవారు. ఆ దినమున తాలూకా మెదక్ జిల్లాలోనికి, బీదరు మైసూరు రాష్ట్రములోనికి పోయాయి. 2016 నుండి మేము సంగారెడ్డి జిల్లావారము. దూరము నలభై కిలోమీటర్లే. మధ్యలో మంజీర దాటితే వచ్చేసినట్టే. కాని ఆ నలభై కిలోమీటర్లలో రాష్ట్రము మారుతుంది, బోర్డుల మీద అక్షరములు మారుతాయి.

"మీరు ఎలా వెళ్తారు?" అని ఆమె అడిగారు.

"మేమైతే బస్సులో వెళ్తామమ్మా. మీకు కారు మాట్లాడాము" అన్నాము.

"నాకు బస్సులో చోటు దొరకదా?"

ఆ మాటకు మేము నవ్వి ఊరుకొన్నాము. ఇంటికి వచ్చిన దొరసానమ్మను బస్సెక్కిస్తే నలుగురూ ఏమనుకొంటారు? నిజము చెప్పాలంటే, ఆ కారు ఆమె కొరకు కాదు, మా పరువు కొరకు.

ఉదయము బయలుదేరాము. సరిహద్దు దాటిన కాసేపటికి తనిఖీవారు బండి ఆపారు. పర్మిటు అంతటికీ ఉందని బండి యజమాని మాతో చెప్పాడు. కాగితములు చూస్తే మన రాష్ట్రమునకే ఉంది. పన్ను కట్టాలి, పైన జరిమానా కట్టాలి. డ్రైవరు యజమానికి ఫోను చేస్తాడు, యజమాని ఎత్తడు. రెండు గంటలు దారి పక్కనే గడిచాయి. ఇంతలో మా ఊరి బస్సు మమ్ములను దాటి పోయింది. కిటికీలో నుండి మా సంఘపు అక్క ఒకామె చేయి ఊపింది. దొరసానమ్మ కూడా చేయి ఊపారు, ఏమీ అనలేదు. బీదరు చేరేసరికి కోట ద్వారము వరకే సమయము చాలింది. మదరసా చూడకుండానే రైలెక్కారు. ఆ వయస్సులో ఆమె మరల రాగలరో లేదో. అది తలచుకొంటే ఇప్పటికీ మా మనస్సు చివుక్కుమంటుంది.

ఆ తరువాత మేము కూర్చుండి ఆలోచించుకొన్నాము. బండి ఏదైనా తప్పు కాదు, అడగకుండా నిర్ణయించడమే తప్పు. అతిథికి బలమెంత, సామానెంత, చేతిలో ఎన్ని గంటలున్నాయి, దారిలో ఏమి చూడాలని ఉంది? ఈ నాలుగు ముందుగా అడగాలి. అప్పుడు బండి దానంతటదే తేలుతుంది.

బస్సు సంగతి. ఆరోగ్యము బాగుండి, సామాను తక్కువైనవారికి పగటిపూట బస్సు మంచిది. దారి దానికి తెలుసు, సరిహద్దులో పర్మిటు చిక్కు ప్రయాణికునికి ఉండదు. 1932లోనే నిజాం ప్రభుత్వము 27 బస్సులతో ఈ రవాణా మొదలుపెట్టింది. బస్సు మన ప్రాంతమునకు ఆనాటి నుండి అలవాటు. అయితే ముందురోజే బస్టాండుకు పోయి వేళలు, ముఖ్యముగా చివరి బస్సు వేళ కనుక్కోవాలి. 2023 డిసెంబరు 9న మన రాష్ట్రములో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చిన తరువాత ఉదయము, సాయంత్రము రద్దీ పెరిగింది. నడిపొద్దున బయలుదేరితే కూర్చోవడానికి వీలు. ఆ ఉచితము తెలంగాణ వాసులైన స్త్రీలకు, అదీ రాష్ట్రపు హద్దు వరకే. విదేశీ అతిథి మొదటి నుండి టికెట్టు తీసుకోవాలి. తోడు వెళ్లే మన అక్కలు కూడా హద్దు దాటిన దూరమునకు డబ్బు ఇవ్వాలి. అతిథి చేతిలో చిన్న నోట్లు ఉంచండి.

కారు సంగతి. వృద్ధులకు, రోగులకు, పసిబిడ్డలున్నవారికి, రాత్రివేళ వెళ్లేవారికి కారే మేలు. కాని పసుపు నంబరుప్లేటు ఉన్న అద్దె బండినే మాట్లాడండి. తెల్లప్లేటు సొంత బండిని కిరాయికి తీసుకొంటే, ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారమునకు అడ్డు చెప్పవచ్చు. పక్క రాష్ట్రమునకైతే అఖిల భారత టూరిస్టు పర్మిటు ఉన్నదా అని అడగండి. 2023 నిబంధనల ప్రకారము అది ఉన్న బండికి ప్రతి రాష్ట్రములో వేరే పర్మిటు పన్ను కట్టే పని లేదు. ఉన్నదని నోటితో చెప్తే చాలదు, కాగితము కంటితో చూడండి. మేము చేయనిది అదే.

రైలు సంగతి. నారాయణఖేడుకు రైలు లేదు. జహీరాబాదుకో బీదరుకో పోయి ఎక్కాలి. బీదరు నుండి హైదరాబాదుకు రైలు వికారాబాదు మీదుగా చుట్టు తిరిగి పోతుంది గనుక రోడ్డు దగ్గర. అయినా నడుము నొప్పి ఉన్నవారికి, మరుగుదొడ్డి అవసరము ఎక్కువగా ఉన్నవారికి రైలు సుఖము. ఈ సంగతి పెద్దవయస్సు స్త్రీలు సిగ్గుపడి నోరు విప్పి అడగరు; మన ఇంటి ఆడవారే కనుక్కోవాలి.

కిక్కిరిసిన షేరు ఆటోలు, జీపులు అతిథులకు వద్దు, మనకూ వద్దు. కుర్ర అతిథి ఎవరైనా మన మోటారుసైకిలు అడిగితే, అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు, తలకు హెల్మెటు లేకుండా తాళము ఇవ్వకండి.

మరొక మాట. బీదరు బస్సు మీద కన్నడములో రాసి ఉంటే మనము అటూ ఇటూగా కూడబలుక్కొని చదువుతాము. ఆ అక్షరములు మనవాటికి చుట్టములే. విదేశీయునికి రెండూ ఒకటే చీకటి. కనుక ఒక కాగితము మీద దిగవలసిన చోటు తెలుగులో, కన్నడములో, ఇంగ్లీషులో రాసి, కింద మన ఫోను నంబరు వేసి ఇవ్వండి. కండక్టరుకు అప్పగించి చెప్పండి. ఇంకా, విదేశీయునికి మన ఇంట బస ఇస్తే 24 గంటలలోగా ఆన్‌లైనులో అధికారులకు తెలియజేయాలన్నది చట్టము. ఇది గొప్పవారి హోటళ్లకే కాదు, మన పెంకుటిండ్లకూ వర్తిస్తుంది.

అబ్రాహాము తన గుడారమునకు వచ్చిన అతిథులకు భోజనము పెట్టి అంతటితో ఊరుకోలేదు. వారిని సాగనంపడానికి కొంతదూరము వారితో నడిచాడు. ఆతిథ్యము గడపతో ముగియదని మేము ఇప్పుడు గ్రహించాము.

పోయిన చలికాలములో మరొక అతిథి దంపతులు వచ్చారు. ఈసారి ముందుగా అడిగాము. "బస్సే" అన్నారు. మా అమ్మాయి వారికి తోడుగా బీదరు దాకా వెళ్లింది. పొద్దు వాలకముందే కోటా చూశారు, మదరసా చూశారు. ఆ రాత్రి మేము మదరసా ఫొటో ఒకటి ఇంగ్లండులోని దొరసానమ్మకు పంపించాము. తెల్లవారేసరికి జవాబు వచ్చింది: "బస్సులో వెళ్లారా?"

వెళ్లారమ్మా, అని రాశాము.