పెన్నేరు గడ్డ: దిగులుకు ఎంతవరకు మందు?



మెట్టచేలో పెన్నేరు వేసే రైతు ఒకాయన మొన్న నన్నొక ప్రశ్న అడిగినాడు. "అయ్యా, ఈ గడ్డ పట్నంలో పొడిగా, బిళ్ళలుగా అమ్ముడవుతున్నదట. దిగులు పోతుందట, బుద్ధి చురుకవుతుందట. పండించేవాణ్ణి నేను. అప్పు తలచుకొంటే రాత్రి కన్ను మూతపడటం లేదు. నేనే వాడుకోకూడదా?" అన్నాడు. ప్రశ్న చిన్నదే గాని, జవాబు జాగ్రత్తగా చెప్పవలసినది.

పెన్నేరు అంటే అశ్వగంధ. పచ్చివేరు నలిపితే గుర్రపు వాసన కొడుతుంది గనుక ఆ పేరు వచ్చింది. ఇది వంగ, మిరప, టమాటాల కుటుంబంలోని మొక్క. శాస్త్రజ్ఞులు దీనిని విథానియా సోమ్నిఫెరా అన్నారు. సోమ్నిఫెరా అనగా లాటిన్ భాషలో నిద్ర తెచ్చేది. ఆయుర్వేదం దీనిని రసాయనములలో, అంటే ఒంటికి సత్తువ నిలిపే మందులలో చేర్చింది.

ఇంతకూ దిగులు ఒంట్లో ఏం చేస్తుంది? మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్లు రెండు చిన్న గ్రంథులున్నవి. కష్టం వచ్చినప్పుడు అవి కార్టిసాల్ అనే రసాన్ని రక్తంలోకి వదిలి, ఒంటికి కావలసిన శక్తిని సమకూరుస్తవి. కష్టం తీరగానే ఆ రసం తగ్గాలి. నెలల తరబడి దిగులుంటే తగ్గదు. అప్పుడు మనిషికి కాడి దించని ఎద్దు గతి పడుతుంది. నిద్ర చెడుతుంది, మతిమరుపు వస్తుంది, చిన్నమాటకే కోపం వస్తుంది.

పెన్నేరు వేరులో విథనోలైడులనే పదార్థాలున్నవి. వేరుసారం పనిచేస్తుందా లేదా అని హైదరాబాదులో 64 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడినవి. సగం మందికి వేరుసారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మిగతావారికి అలాగే కనిపించే ఉత్త గుళికలు 60 రోజులు ఇచ్చినారు. మందు తిన్నవారిలో కార్టిసాల్ సుమారు 28 శాతం తగ్గింది. దిగులు కొలిచే ప్రశ్నలకు వచ్చిన మార్కులు 44 శాతం తగ్గినవి. ఉత్త గుళికలవారిలో ఆ మార్కులు తగ్గింది 5.5 శాతమే. కొద్దిపాటి మతిమరుపు ఉన్న 50 మంది మీద జరిగిన మరొక పరీక్ష 2017లో ప్రకటితమైంది. అందులో 8 వారాలకు జ్ఞాపకమూ, శ్రద్ధా మెరుగుపడినవి.

"అయితే మంచిదే గదా!" అంటారేమో, ఆగండి. పరీక్షకు వచ్చినవారు కొద్దిమంది. చూచినది రెండు నెలలే. వాడినదేమో కొలత కట్టిన సారం, మనం దంచుకొన్న పొడి కాదు. యూరియా బస్తా మీద నత్రజని 46 శాతమని రాసివుంటుంది. పెంటబండిలో ఎంతున్నదో చూపుతో చెప్పగలమా? పొడికీ సారానికీ అంత తేడా వున్నది.

గర్భిణీలు దీని జోలికి పోరాదు. థైరాయిడ్ జబ్బు వున్నవారు, మధుమేహానికి గాని నిద్రకు గాని మాత్రలు మింగేవారు వైద్యుని అడగకుండా తినరాదు. అరుదుగానైనా కొందరికి కాలేయం దెబ్బతిన్నది. కళ్ళు పచ్చబడితే, మూత్రం ముదురు రంగుకు తిరిగితే వెంటనే మాని ఆసుపత్రికి పోవాలి. 2023లో డెన్మార్క్ దేశం దీనిని నిషేధించింది కూడా.

అమ్మే రైతుకూ ఇందులో బాధ్యత వున్నది. ఎకరాకు 4, 5 కిలోల విత్తనం వెదజల్లితే 150 నుంచి 180 రోజులకు ఆకు ఎండి, కాయ ఎరుపెక్కుతుంది. అప్పుడు వేరు చెడకుండా తవ్వి, మట్టి దులిపి, 7 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు కోసి బాగా ఆరబెట్టండి. ఎకరాకు 120 నుంచి 200 కిలోల ఎండువేరు వస్తుంది. లావుగా వుండి, పుటుక్కున విరిగి, లోపల తెల్లగా కనిపించే వేరుకు మంచి ధర. తూకం కోసం ఆకు కలపకండి. ఆకును వాడవద్దని 2021లో కేంద్ర ఆయుష్ శాఖ మందుల తయారీదార్లకు చెప్పింది. మీరు కలిపిన ఆకు ఎవరి కడుపులోకి పోతుందో మీకు తెలియదు గదా!

ఇక ఆ రైతుకు నేను చెప్పిన మాట ఇది. "వైద్యుడు చూచి ఇస్తే తిను. నిద్రకు కొంత సాయపడవచ్చు. కాని అప్పు వేరుతో తీరదు. ఆ సంగతి ముందు ఇంట్లో చెప్పు. బ్యాంకుకు పోయి గడువు అడుగు. బ్రతుకు మీద విరక్తి కలిగితే మాత్రం గడ్డ కోసం వెతకవద్దు. 2022లో మొదలైన టెలీ మానస్ వారికి 14416 నంబరుకు ఫోను చెయ్యి. తెలుగులోనే మాట్లాడుతారు, డబ్బు పుచ్చుకోరు."

మీలో ఎవరైనా ఆయనలాగే రాత్రిళ్ళు మేలుకొంటూ వుంటే, ఆ మాట మీకూ చెప్పినట్లే.