లెక్క కుదరని రజతోత్సవము

1972 ఆగస్టు రెండవ వారములో తెలుగుదేశపు బడిపిల్లల చేతులకు మైదాపిండి జిగురు వదలలేదు. స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియైదేండ్లు నిండుచున్నవి. పురికొసను ఒక స్తంభమునుండి మరియొక స్తంభమునకు లాగి దానికి కాగితపు జెండాలు అంటించుట పెద్దతరగతుల వారి పని. మామిడాకులు కోసి తెచ్చుట అల్లరివాండ్ర పని. జెండా గద్దె చుట్టు ముగ్గు తీర్చుట ఆడపిల్లల పని. ఇంటికి పోయిన తరువాత తెల్లచొక్కాకు గంజి పెట్టించి, ఇత్తడిచెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేయించుకొనుట మరియొక ఘట్టము. చొక్కా ఎక్కడ మాడునో యని తల్లి ప్రక్కనే కూర్చుండి కాపలా కాచిన ఆ పిల్లలు ఇప్పుడు అరువదియేండ్లు దాటినవారు. ఉపన్యాసములన్నియు మరచితిమి గాని ఆ వేడిబట్ట వాసన మరువలేదని చెప్పుదురు.

ఢిల్లీలో జరిగిన వేడుక వేరు. 1947 నాటివలెనే పార్లమెంటు అర్ధరాత్రివేళ సమావేశమయ్యెను. ప్రధాని ఇందిరాగాంధి, రాష్ట్రపతి మన తెలుగువాడైన వి.వి. గిరి. స్వాతంత్ర్య సమరయోధులకు తామ్రపత్రము లిచ్చిరి. జైలుకు వెళ్లి పేదరికములో ఉన్నవారికి నెలకు 200 రూపాయల పింఛను పథకము ఆ దినముననే ఆరంభమయ్యెను. ఉత్తరములపై నేడు మనము వ్రాయు పిన్‌కోడు కూడ ఆనాడు పుట్టినదే. పిల్లల కివేవియు పట్టలేదు. వానలు మొగము చాటువేసిన సంవత్సర మది. ఈసారి బూందీ పంచుదురా, పిప్పరమెంటు బిళ్లలతో సరిపుచ్చుదురా యనునదే వారి విచారము.

పిల్లల విచారము అది. పంతుళ్ల భయము మరియొకటి. అది ముడి భయము. జెండాను మడిచి, నడుమ బంతిపూల రేకులుంచి, త్రాటితో ముడివేసి కొనకు ఎక్కింతురు. క్రిందినుండి లాగగానే ముడి విడవలెను, పూలు రాలవలెను, జెండా విచ్చుకొనవలెను. ముడి బిగిసినదా, సర్పంచిగారు లాగుచునే యుందురు. పిల్లలు నోరు మూసికొని నవ్వుదురు. ప్రధానోపాధ్యాయుని మొగమున చెమటలు పట్టును. చివరకు ఎవడో కుర్రవాడు స్తంభ మెక్కవలసి వచ్చును. ఇట్టి ఉదంతము ఒకటియైన లేని బడి యుండదు.

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెబడిలో ఆ సంవత్సరము ముడికంటె ముందు ఒక లెక్క బిగిసికొనెను. పండుగకు వారము దినములకు ముందే ఐదవ తరగతి పంతులుగారు నల్లబల్ల మూలలో రంగుసుద్దతో 1972లోనుండి 1947 తీసివేసి, క్రింద 25 అని పెద్దగా వ్రాసి, దాని చుట్టు పూలతీగ గీచి, దీనిని చెరపరాదని ఆజ్ఞాపించెను. ఆ సాయంకాలము ఒక బాలుడు ఇంటిలో ఆ లెక్కను గొప్పగా వినిపించెను. ఎడ్లకు మేతవేయుచున్న తండ్రి తల యెత్తకుండగనే, "మనకింక ఇరువై నాలుగు గూడ నిండలే బిడ్డా, నెల తక్కువున్నది" అనెను.

తండ్రి లెక్క తప్పు కాదు. 1947 ఆగస్టు 15న బ్రిటిషు పాలన తొలగిన సీమలలో దీపములు వెలుగుచుండగా, హైదరాబాదు సంస్థానములో ఆ జెండాను ఎత్తుట నిషిద్ధము. తాను ఏ రాజ్యములోను చేరక స్వతంత్రుడుగా నుందునని నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఆ జూనులోనే ఫర్మాను వెలువరించెను. స్టేటు కాంగ్రెసు నాయకుడు స్వామి రామానంద తీర్థ ఆగస్టు 15వ తేదీననే నిర్బంధింపబడెను. తరువాతి పదమూడు మాసములు ఆ నేలకు ఎట్టివో చెప్పుట కష్టము: ఒక వంక రజాకార్ల దాడులు, ఒక వంక రైతుల సాయుధపోరాటము, మూటముల్లెలతో సరిహద్దు దాటిన కుటుంబములు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను; 17న నిజాము లొంగిపోయెను. ఆ దినమునుండి లెక్కించినచో 1972 ఆగస్టు 15 నాటికి ఇరువది నాలుగేండ్లకు ముప్పదిమూడు దినములు తక్కువ.

రజతోత్సవ మను మాటయే ఆ సీమలో పూర్వము మరియొకరి సొత్తు. 1911లో గద్దె నెక్కిన నిజాము తన పాలనకు ఇరువదియైదేండ్లు నిండిన వేడుకను 1937లో హైదరాబాదులో వైభవముగా జరిపించుకొనెను. ఆ ఉత్సవము జరిగినది పబ్లిక్ గార్డెన్సులోని జూబిలీ హాలులోనే. మరుసటి యేడు, 1938లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వందేమాతరము పాడినందుకు చదువులు పోగొట్టుకొనిరి. అట్లు నాగపూరు వెళ్లి చదువుకొనవలసి వచ్చిన వారిలో ఒకరు పి.వి. నరసింహారావు. 1972 ఉత్సవమునాటికి ఆయనయే ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి.

ఆ మాటకు వచ్చిన, లెక్క కుదరనిది తెలంగాణమున కొక్కదానికే కాదు. గోదావరి పాయ ఒడ్డున నున్న యానాములో తెలుగుపిల్లలు 1954 వరకు ఫ్రెంచి జెండా క్రిందనే చదువుకొనిరి. చట్టరీత్యా విలీనము 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. గోవాకు విముక్తి 1961 డిసెంబరులో. దేశమునకు పుట్టినదిన మొక్కటే యైనను, ఇంటింట దానిని జరుపుకొను తిథి వేరుగా నుండెను.

మరునాడు బాలుడు తరగతిలో లేచి నిలువబడి, "మా నాయిన ఇరువై నాలుగే అంటున్నడు సార్" అని చెప్పెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. పంతులుగారు కృష్ణకు ఆవలి ఒడ్డువాడు. 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమము చెలరేగి బడులు నెలల తరబడి మూతపడి మూడేండ్లే అయినది. అట్టి సమయములో, మీ లెక్క వేరు, మా లెక్క వేరు అను అర్థము వచ్చునట్లు ఒక పిల్లవాడు పలుకుట చిన్న సంగతి కాదు. బెత్తము లేచునని పిల్లలందరు ఎదురుచూచిరి. పంతులుగారు నల్లబల్ల వంక కొంతసేపు చూచి, "పధ్నాలుగో తేదీ సాయంత్రం మీ నాన్నగారిని ఒకసారి రమ్మను" అని మాత్రము చెప్పి పాఠము సాగించెను. ఆ వారమంతయు బాలునికి అన్నము సహింపలేదు. తండ్రికి చెప్పుటకు మూడు దినములు పట్టెను.

తండ్రి వచ్చి గడప కీవలనే నిలిచెను. పంతులుగారు కుర్చీ చూపించి, "ఆనాడు ఇక్కడ ఏం జరిగిందో చెప్పండి" అని యడిగెను. అప్పుడు గాని కొడుకునకే ఆ కథ తెలియలేదు. 1947లో తండ్రికి పండ్రెండేండ్లు. బెజవాడ వైపునుండి బంధువొకడు సజ్జల మూటలో ఖద్దరు జెండా దాచి తెచ్చెను. ఊరి బయటి చింతచెట్టు చిటారుకొమ్మను అందుకొనగలవాడు ఈ కుర్రవాడొక్కడే. జెండాను మడిచి, లాగినచో విడు ముడివేసి, కొనకొమ్మకు కట్టి, పొడుగాటి పురికొసను కంచె వెనుకకు వదలి దిగివచ్చెను. తెల్లవారగనే కంచె చాటునుండి ఎవరో లాగిరి; చెట్టుక్రింద ఒక్క మనిషి లేకుండ జెండా విచ్చుకొనెను. పోలీసు పటేలు మనిషి ఎక్కి దానిని దించువరకు, ఒక గంట నిలిచెనేమో. ఎవరును పట్టుబడలేదు. ఆ బంధువు మాత్రము మరుసటి యేడు రజాకార్ల దాడిలో పోయెను.

"మీరు పింఛనుకు అర్జీ పెట్టలేదా?" అని పంతులుగారు అడిగెను.

"ఆర్నెల్ల జైలు కాయితం గావాల్నట సార్. చెట్టెక్కినందుకు ఎవరిస్తరు కాయితం?" అని తండ్రి నవ్వెను.

పంతులుగారికి ఆనాడు తొమ్మిదేండ్లు. తన ఊరిలో ఆ రాత్రి లడ్డు తిని, బాణసంచా చూచి, నాయనమ్మ ఒడిలో నిద్రపోయిన జ్ఞాపకమే ఆయనది. ఆ సంగతి చెప్పి, కొంచెము సిగ్గుపడినట్లే తోచెను. పిమ్మట అలమారలోని జెండాను తెచ్చి తండ్రి చేతిలో పెట్టెను. "రేపు ముడి మీరే వేయాలి" అనెను.

మరునాడు ప్రభాతభేరి ఊరు చుట్టి వచ్చెను. సర్పంచి త్రాడు లాగగా ముడి ఒక్క పెట్టున విడిపోయెను. రేకులు ఆయన తలపాగాపై రాలెను. తండ్రి గోడ వెలుపల తన ఊరివారితో కలిసి నిలిచి చూచెను. పిల్లలు చేయి చాచి ప్రతిజ్ఞ చదివిరి. దేశమంతట బడిపిల్లలు వల్లించు ఆ ప్రతిజ్ఞను 1962లో విశాఖపట్టణములో తెలుగులో వ్రాసిన పైడిమర్రి వెంకటసుబ్బారావుది ఆ నల్లగొండ జిల్లాయే, అన్నెపర్తి. ఆ సంగతి పంతులుగారికిని తెలియదు. పాఠ్యపుస్తకములలో ఆయన పేరు చాలకాలము అచ్చుపడలేదు. చివరకు బూందీయే పంచిరి, మనిషికి పిడికెడు.

తరగతికి వచ్చి చూడగా నల్లబల్లపై 25 క్రింద మరియొక లెక్క చేరియుండెను: 1972లోనుండి 1948 పోగా 24. దాని చుట్టును పూలతీగ. ఆ రెండు లెక్కలును దసరా సెలవుల వరకు అట్లే యుండెను. అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమము లేచి, ఈసారి అక్కడి బడులు మూతపడెను. జనవరిలో పి.వి. మంత్రివర్గము పోయి రాష్ట్రపతి పాలన వచ్చెను. ఆ చలికాలముననే పంతులుగారు బదిలీపై తన జిల్లాకు వెళ్లిపోయెను. బల్లపై లెక్కలను ఎవరు చెరిపిరో తెలియదు.

ఆ బాలుడు పెరిగి, అదే జిల్లాలో లెక్కల పంతులయ్యెను. 1997లో స్వర్ణోత్సవము వచ్చినప్పుడు నల్లబల్ల మూలలో 50 అని వ్రాసి, క్రింద 49 అని వ్రాసెను. ఏది సరియని పిల్లలు అడిగిరి. ఇంటికి పోయి పెద్దలను అడిగి రండని పంపెను. మరునాడు ఎనిమిదిమంది అడిగి వచ్చిరి. కొందరు 1947 అనిరి, కొందరు 1948 అనిరి. ఒక పాప తాత మాత్రము, తనకు స్వాతంత్ర్యము దొరగారి వెట్టి మానిన యేడు వచ్చినదని చెప్పెనట. ఆ యేడేదో అంకె ఆయనకు తెలియదు. ఊరి నడుమ బావి త్రవ్విన మరుసటి యేడని మాత్రము గుర్తు. పంతులుగారు దానినిని బల్లపై మూడవ వరుసలో వ్రాసి, జవాబు చోటు ఖాళీగా వదలెను.