ఎగిరింది ఎవరిది?

ఎగిరే పళ్ళాల మాటెత్తితే మనం అడిగేది ఒకటే: వేరే గ్రహం వాళ్ళు వచ్చారా, లేదా? అమెరికా వైమానిక దళం రెండు దశాబ్దాలకు పైగా ఇవే ఉదంతాలను విచారించింది గానీ, వాళ్ళ బెంగ వేరు. పైన కనబడింది రష్యావాళ్ళదా, తమవాళ్ళదేనా? అది తేలితే చాలు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చదివితే ఆ ఫైళ్ళలోని వింతలు చాలావరకు విడిపోతాయి.

1947 జూన్ 24న కెన్నెత్ ఆర్నాల్డ్ అనే వ్యాపారి సొంత విమానం నడుపుకుంటూ, వాషింగ్టన్ రాష్ట్రంలోని రెయినియర్ పర్వతం దగ్గర మెరిసే వస్తువులు తొమ్మిది దూసుకుపోవడం చూశానన్నాడు. నీళ్ళ మీదికి పళ్ళెం విసిరితే ఎగిరెగిరి పడుతూ పోయినట్టు పోయాయని చెప్పాడు. ఆయన చెప్పింది అవి పోయిన తీరు. పత్రికలు దాన్నే వాటి ఆకారం చేసేశాయి. ఆ తర్వాత దేశమంతటా జనానికి పళ్ళాలే కనబడ్డాయి. హెడ్డింగు పెట్టేవాడి బలం అంతటిది.

సెప్టెంబరులో వైమానిక దళ జనరల్ నేథన్ ట్వైనింగ్, ఇదంతా భ్రమ అని కొట్టిపారేయడానికి లేదని పైవాళ్ళకు రాశారు. 1948లో ‘ప్రాజెక్ట్ సైన్’ మొదలైంది. మరుసటి ఏడు దాని పేరు ‘గ్రడ్జ్’ అయింది, 1952లో ‘బ్లూ బుక్’. బోర్డులు మారినా ఆఫీసు మాత్రం ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరంలోనే.

మొదటి పెద్ద చిక్కు 1948 జనవరి 7న కెంటకీలో వచ్చింది. గాడ్‌మన్ ఫీల్డ్ టవర్ నుంచి చూస్తే ఆకాశంలో ఏదో పెద్దది తెల్లగా, గుండ్రంగా ఉంది. అటుగా పోతున్న ఎఫ్-51 విమానాలను కాస్త చూసి రమ్మన్నారు. వాటిని నడిపిస్తున్న కెప్టెన్ థామస్ మాంటెల్‌కు 25 ఏళ్ళు, నార్మండీ దాడిలో పాల్గొన్నవాడు. విమానంలో ఆక్సిజన్ లేదు. తోటివాళ్ళు వెనక్కి తిరిగారు, ఆయన ఇంకా పైకి పోయాడు. 20 వేల అడుగులు దాటాక స్పృహ తప్పి ఉంటాడు. విమానం కూలి ఆయన చనిపోయాడు. ఆయన వెంటబడింది శుక్రగ్రహాన్నేనని మొదట వివరణ ఇచ్చారు. మధ్యాహ్నం మూడింటప్పుడు, ఎండలో, శుక్రగ్రహం! తర్వాత కుదిరిన సమాధానం స్కైహుక్ బెలూన్. నౌకాదళం రహస్యంగా వదులుతున్న బ్రహ్మాండమైన ప్లాస్టిక్ బెలూన్లవి. వాటి సంగతి విచారణ చేసేవాళ్ళకే తెలియదు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియకూడదని మనవాళ్ళు దానం గురించి అంటారు. సైన్యం దాన్ని బెలూన్లకూ పాటించింది.

రోజ్‌వెల్ ఊరి దగ్గర పళ్ళెం కూలిందన్న కథా ఇంతే. 1947లో అక్కడ పడినవి ‘మోగుల్’ బెలూన్ల ముక్కలని వైమానిక దళం 1994లో గానీ చెప్పలేదు. సోవియట్ అణు పరీక్షల చప్పుడును పై గాలిలో పట్టడం వాటి పని.

1952 జులైలో రెండు శని, ఆదివారాలు వరసగా వాషింగ్టన్ నగరం మీదే రాడార్లలో చుక్కలు కనబడ్డాయి. జెట్ విమానాలు లేచాయి, పత్రికలు అంతకంటే ఎత్తుకు లేచాయి. వైమానిక దళ మేజర్ జనరల్ శామ్‌ఫర్డ్ విలేకరుల ముందుకొచ్చి, పైగాలి వేడిగా, కిందిగాలి చల్లగా ఉన్నప్పుడు రాడార్ ఇలా మోసపోతుందన్నారు. ఆ మరుసటి జనవరిలో సీఐఏ పిలిచిన శాస్త్రవేత్తల బృందానికి భౌతిక శాస్త్రవేత్త హెచ్.పి. రాబర్ట్‌సన్ పెద్ద. వాళ్ళ భయమంతా ఈ కబుర్లతో హెచ్చరిక లైన్లు కిక్కిరిసిపోతే, అసలు దాడి కబురు అందదేమోనని. కాబట్టి ఈ వ్యవహారానికున్న మిస్టరీ వదలగొట్టాలి, సినిమాలూ టీవీ వాడుకోవాలి అన్నారు. ఆ నివేదికలో వాల్ట్ డిస్నీ పేరు కూడా ఉంది.

అసలు చిక్కు 1955 ఆగస్టులో యూ-2 గూఢచారి విమానం ఎగరడంతో వచ్చింది. అప్పట్లో ప్రయాణికుల విమానాలు 10, 20 వేల అడుగుల్లో పోయేవి. యూ-2 పోయేది 60 వేలకు పైన. సాయంత్రం కింద ప్రయాణికుల విమానం పైలట్‌కు సూర్యుడు అస్తమించి చీకటి పడుతుంటే, పైన యూ-2 మీద ఇంకా ఎండే. ఆ వెండి రెక్కల మీద ఎండ పడితే కింది నుంచి చూసేవాడికి నిప్పుకణికలా కనబడుతుంది. అంత ఎత్తున విమానం ఉండగలదని అతనికి తెలియదు గనక రిపోర్టు రాస్తాడు. బ్లూ బుక్ వాళ్ళు సీఐఏను వాకబు చేసి, యూ-2 వెళ్ళిన వేళలతో సరిచూసుకుని ఆ కేసు కొట్టేసేవారు. రాసినవాడికి ఆ మాట చెప్పడానికి లేదు కదా, మంచు స్ఫటికాలనో గాలిపొరల మహిమ అనో జవాబిచ్చేవారు. 1950ల చివరి నుంచి 60ల దాకా వచ్చిన రిపోర్టుల్లో సగానికి పైగా ఈ గూఢచారి విమానాలేనని చరిత్రకారుడు జెరాల్డ్ హేన్స్ 1997లో సీఐఏ పత్రికలో రాశారు. ఆ లెక్క ఎక్కువేనని వాదించేవాళ్ళున్నారు. సగం కాక పావే అనుకున్నా, అబద్ధపు జవాబులు పుచ్చుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు.

అలాంటి జవాబులకు అలవాటుపడ్డ జనం, నిజాయితీగా చెప్పినా నమ్మడం మానేశారు. 1966లో మిషిగన్‌లో కనబడ్డ వెలుగులు చిత్తడినేల వాయువు కావచ్చని బ్లూ బుక్ సలహాదారు, ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ అన్నారు. దేశమంతా నవ్వింది. ఆ రాష్ట్రపు కాంగ్రెస్ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ విచారణ కావాలన్నారు. చివరికి కొలరాడో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కాండన్ బృందం పరిశీలించి, ఇందులో సైన్సుకు పనికొచ్చేది పెద్దగా లేదంది. 1969 డిసెంబరులో బ్లూ బుక్ మూతపడింది. మొత్తం 12,618 రిపోర్టులు, తేలనివి 701. ఆ 701నీ నమ్మేవాళ్ళు 701 అంతరిక్ష నౌకలుగా చదువుకుంటారు. దిక్కు, ఎత్తు, వేళ సరిగా రాసుకోని రిపోర్టు తేలదన్న సంగతి ఎవరికీ అంత రుచించదు.

రాసుకుంటే ఏమవుతుందో మన లడఖ్‌లో తెలిసింది. 2012-13లో చైనా సరిహద్దున, పాంగాంగ్ సరస్సు వైపు మెరిసే వస్తువులు వస్తున్నాయని మన జవాన్లు వందల సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లేమోనని అనుమానం. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్ళను పిలిచారు. వేళ, దిక్కు చూసి వాళ్ళు తేల్చారు: ఒకటి గురుడు, రెండోది శుక్రుడు. మనూళ్ళో వేగుచుక్క అనేది దీన్నే. గురుడి విషయంలో దాచాల్సిన అవసరం ఎవరికీ లేదు గనక, ఆ జవాబు ఉన్నదున్నట్టు పత్రికల్లో వచ్చేసింది.