తనది కాని ఆస్తికి వీలునామా

వీలునామా చేతబట్టుకొని వచ్చేవారు మమ్మల్ని సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతారు: “ఇది షరీఅత్ ప్రకారం చెల్లుతుందా?” కాగితం చదవకముందే మేము ఎదురు ప్రశ్న వేస్తాము: “రాసిన వ్యక్తికి ఈ ఆస్తి ఎలా వచ్చింది?” చాలాసార్లు వచ్చే జవాబు ఇది: “దాదాగారిదండీ. ఆయన పోయాక పెద్ద కొడుకని అబ్బా పేరు మీదికి వచ్చింది.” అసలు చిక్కు ఆ జవాబులోనే ఉంది. వీలునామా తగాదా అని మనం పిలిచేది చాలా ఇళ్ళలో నిజానికి అంతకుముందు తరం ఆస్తి పంచకపోవడం వల్ల పుట్టిన తగాదా.

ఒక లెక్క చూద్దాం. 8 ఎకరాలున్న ఒక రైతు భార్యను, ఇద్దరు కొడుకులను, ముగ్గురు కూతుళ్ళను వదిలి మరణించాడనుకుందాం. అప్పులు లేవు. అన్నిసా సూరా 11, 12 ఆయతుల ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. మిగిలిన 7 ఎకరాల్లో కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు చొప్పున ఒక్కో కొడుకుకు 2 ఎకరాలు, ఒక్కో కూతురికి 1 ఎకరం. తండ్రి ప్రాణం పోయిన క్షణంలోనే ఈ హక్కు ఏర్పడుతుంది. పంపకం జరిగేదాకా అది ఆగదు.

కాని పంపకం జరగలేదు. పట్టాదారు పాసుపుస్తకం పెద్ద కొడుకు పేరిట మారింది. ముప్ఫై ఏళ్ళు అతనే సాగు చేశాడు, శిస్తు కట్టాడు, బోరు వేయించాడు. ఆ భూమి తనదేనని నిజంగానే నమ్మే స్థితికి వచ్చాడు. తల్లి, తోబుట్టువులు అందరూ బ్రతికి ఉండగానే వీలునామా రాశాడు: రోడ్డు వైపు 2 ఎకరాలు మస్జిదుకు, మిగిలిన 6 ఎకరాలు తన కొడుకులకు. రిజిస్టరు కూడా చేయించాడు.

ఇందులో అతనిది ఎంత? 2 ఎకరాలే. మిగిలిన 6 ఎకరాలు తల్లివి, తమ్ముడివి, ముగ్గురు అక్కచెల్లెళ్ళవి. వాటి గురించి అతను రాసిన మాట ఇతరుల సొత్తు గురించి రాసిన మాట మాత్రమే. ఇక తన సొంత 2 ఎకరాల్లోనైనా ముందు ఖననం ఖర్చులు, ఆ తర్వాత అప్పులు తీరాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే; దీన్ని మనవాళ్ళు తరచూ మరచిపోతారు. ఆ మిగిలిన దానిలో మూడో వంతు వరకే వసియ్యత్ చెల్లుతుంది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (ర) జబ్బుపడి తన ఆస్తిలో అధిక భాగం దానంగా రాయాలనుకున్నప్పుడు దైవప్రవక్త (స) మూడో వంతుకు మాత్రమే అనుమతించి, అదీ ఎక్కువేనన్నారు. కాబట్టి అప్పులేమీ లేకున్నా మస్జిదుకు దక్కేది సుమారు 66 సెంట్లు. కొడుకులు ఎలాగూ వారసులే; వారసునికి వసియ్యత్ లేదని హదీసు. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప వారికి రాసినది అమలు కాదు.

“అందరూ ఒప్పుకుంటే సరిపోతుంది కదా” అంటారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం, మూడో వంతు మించిన వసియ్యత్‌కు అతని వారసులు అతని మరణం తర్వాత సమ్మతిస్తే ఆ మాట వెనక్కి తీసుకోలేరు. అతను జీవించి ఉండగా తలూపిన సమ్మతికి విలువ లేదు. కాని ఇతరుల ఆస్తిని రాసినప్పుడు సంగతి వేరు. అసలు యజమాని సరేనన్నా, అది అతను కొత్తగా చేసే దానమే అవుతుంది. చేతికి అప్పగించేదాకా కాదనే హక్కు అతనికి ఉంటుందని ‘హిదాయా’ స్పష్టం చేస్తోంది. అంటే మేనత్తలు ఇవ్వననడం “అన్న ఆఖరి మాటను తోసేయడం” కాదు. వారు తమ సొత్తును తమ దగ్గర ఉంచుకుంటున్నారు, అంతే. యజమానుల్లో మైనర్లు ఉంటే వారి తరఫున దానం చేసే అధికారం మామకూ లేదు, బాబాయికీ లేదు. అనాథల సొమ్ము తినడం కడుపులో నిప్పు నింపుకోవడమని అదే అన్నిసా సూరా హెచ్చరిస్తోంది.

మరి ఉమ్మడి ఆస్తిలో ఫలానా ముక్క అని గుర్తు చెప్పి రాస్తే? ఇద్దరి ఉమ్మడి ఇంట్లో ఒక గదిని ఒకరు వసియ్యత్ చేసిన ఉదాహరణ అదే గ్రంథంలో ఉంది. ముందు ఇల్లు పంచాలి. గది రాసినవాని వాటాలో పడితే ఇమామ్ అబూ హనీఫా (ర) అభిప్రాయం ప్రకారం అది వసియ్యత్ పొందినవానిదే. రెండో భాగస్థుని వాటాలో పడితే ఆ గది పోతుంది. దాని కొలతకు సమానమైన స్థలం రాసినవాని వాటా నుండి ఇస్తారు. ఏది జరిగినా పంపకమే మొదట. రోడ్డు వైపు భూమి ఎవరి వాటాలో పడుతుందో తేలకముందే మస్జిద్ కమిటీ అక్కడ బోర్డు పాతడం ఈ కారణంగానే తప్పు. తనది కానిది వక్ఫ్ చేయడం చెల్లదు. ఆడబిడ్డల భూమిలో కట్టిన వజూఖానాలో నీళ్ళు ఎంత తేటగా ఉంటే మాత్రం ఏం లాభం?

రిజిస్ట్రేషన్ మాటేమిటి? వీలునామాకు అది తప్పనిసరి కాదు. చేయించుకుంటే, ఫలానా వ్యక్తి ఫలానా రోజు రాశాడనడానికి బలం చేకూరుతుంది. లేని యాజమాన్యాన్ని అది పుట్టించదు. పాసుపుస్తకంలో పేరు మారడం కూడా అంతే; అది హక్కును సృష్టించదని మన న్యాయస్థానాలూ పలుమార్లు చెప్పాయి.

“అక్కలు ఎప్పుడో మాఫ్ చేశారు” అనే మాట మాకు మరీ బాధ కలిగిస్తుంది. పుట్టింటి గడప దూరమవుతుందేమోనన్న భయంతో అన్న మాటను మాఫీ అనుకోవడం అన్యాయం. పైగా, పంచని భూమిలో వాటాను “వదిలేశాను” అన్నంత మాత్రాన ఆ వాటా పోదని ఉలమాల మాట. వాటా చేతికి వచ్చాక ఇష్టపడి ఇస్తే అది హిబా. లేదా తగిన మొత్తం పుచ్చుకొని రాజీపడవచ్చు. పెళ్ళికి ఇచ్చిన జహేజ్ వాటాకు బదులు కాదు.

దైవప్రవక్త (స) వద్దకు ఇద్దరు వ్యక్తులు వారసత్వ వివాదంతో వచ్చారని అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. తన ముందు చక్కగా వాదించి సోదరుని హక్కు పొందినవాడు అగ్ని ముక్కనే పొందుతున్నాడని ఆయన హెచ్చరించగా ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీకే అని ఒకరికొకరు అన్నారు. ఆయన అంతటితో సరిపెట్టలేదు. న్యాయంగా పంచుకోండి, చీటీలు వేసుకోండి, ఆపైన ఒకరినొకరు మన్నించుకోండి అని ఆదేశించారు. మన్నింపు పంపకం తర్వాతే వచ్చింది, గమనించండి.

వీలునామా రాసిన వ్యక్తి ఇంకా జీవించి ఉంటే పని చాలా తేలిక. వసియ్యత్‌ను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ముందు తండ్రి ఆస్తి పంచి, అక్కచెల్లెళ్ళ వాటాలు వారి పేర రాయించాలి. తర్వాత కొత్త కాగితంలో “నా స్వాధీనంలోని భూమి” అని కాకుండా “మా తండ్రిగారి 8 ఎకరాల్లో నా వాటాగా వచ్చిన 2 ఎకరాల్లో, అప్పులు, మహర్ పోను మిగిలినదానిలో మూడో వంతు” అని రాయాలి. అప్పులు ఎవరికి ఎంతో, మహర్ ఎంత బాకీ ఉందో కూడా అందులోనే రాసి ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించాలి.