బొమ్మ బాగుండాలంటే...

లక్ష రూపాయలు పోసి పెద్ద టీవీ కొంటాం. గోడకు తగిలిస్తాం. ఆ తర్వాత రిమోట్‌లో ఛానలూ సౌండూ తప్ప మరో మీట ముట్టుకోం. నిజానికి, పెట్టిన డబ్బుకు తగ్గ బొమ్మ చూడాలంటే అసలు పని మొదలయ్యేది అక్కడే!

షాపులో ఒకే గోడకు ఇరవై టీవీలు. అన్నిట్లోనూ జలపాతాలూ, రంగురంగుల చిలకలూ! ఏది ఎక్కువ మెరిస్తే కన్ను దాని దగ్గరే ఆగుతుంది. ఆ సంగతి తయారీదారులకు బాగా తెలుసు. అందుకే షాపుల్లో టీవీలను ఎక్కువగా 'వివిడ్', 'డైనమిక్', 'స్టోర్' లాంటి పేర్లుండే మోడ్‌లలో నడుపుతారు. వెలుతురు బాగా పెంచి, రంగులు చిక్కబరిచి, తెలుపులో కాస్త నీలం కలిపి చూపించడమే వాటి పని. లైట్ల వెలుగు కింద అది అద్భుతంగానే ఉంటుంది. అదే టీవీ ఇంటికొచ్చి రాత్రిపూట హాల్లో వెలిగితే...? హీరోయిన్ మొహం నారింజరంగులోకి తిరుగుతుంది. హీరో తెల్లపంచె నీలిమందు ఎక్కువైన బట్టలా కనిపిస్తుంది. అరగంటకే కళ్లు మంటలు!

తప్పు టీవీది కాదు. షాపు కోసం పెట్టిన అమరికను ఇంటికి తగ్గట్టు మార్చుకోకపోవడమే!

ముందు టేపు పట్టుకోండి

ఎన్ని అంగుళాల టీవీ కొనాలన్నది పక్కింటివాళ్లను చూసి తేల్చుకునేది కాదు. సోఫా నుంచి గోడకు ఎంత దూరమో టేపుతో కొలవండి. టీవీ సైజును 1.6తో గుణిస్తే ఎన్ని అంగుళాల దూరంలో కూర్చోవాలో తెలుస్తుంది. ఆ లెక్కన 43 అంగుళాల టీవీకి ఆరడుగుల లోపు, 55కి ఏడడుగులు దాటి, 65కి దాదాపు ఎనిమిదిన్నర, 75కి పదడుగులు. సినిమా హాలు అనుభూతి కావాలనుకునేవాళ్లు 1.2తో గుణించుకుని మరింత దగ్గరగా కూర్చోవచ్చు.

దూరంతో ముడిపడిన మరో విషయం... 4కె. ఫుల్ హెచ్‌డీ తెరమీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటే 4కెలో 83 లక్షలు. నాలుగింతలు! కానీ 43 అంగుళాల తెరను పదడుగుల దూరం నుంచి చూస్తే ఆ తేడాను మామూలు కన్ను పట్టుకోలేదు. పెద్ద తెర అయితేనే, తగినంత దగ్గరగా కూర్చుంటేనే 4కె ఫలితం తెలుస్తుంది.

ఎత్తు కూడా ముఖ్యమే. హోటళ్లలో మాదిరి తలుపు ఎత్తున తగిలిస్తే మూడు గంటల సినిమా అయ్యేసరికి మెడ పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు కళ్లు తెర మధ్యభాగానికో, అంతకన్నా కొద్దిగా కిందికో సూటిగా ఉండాలి. ఎదురుగా కిటికీ ఉంటే పగలంతా తెరలో ఆ కిటికీయే కనిపిస్తుంది. గోడ మార్చండి, కుదరకపోతే మందపాటి కర్టెన్ వేయండి.

ఏ తెర ఎవరికి?

ఒకప్పుడు పోటీపడ్డ ప్లాస్మా టీవీలను 2014 నాటికి పెద్ద కంపెనీలు ఆపేశాయి. ఇప్పుడు ప్రధానంగా ఉన్నవి రెండు రకాలే. ఎల్ఈడీ టీవీ అంటే నిజానికి ఎల్‌సీడీ తెరే. వెనకాల ఎల్ఈడీ దీపాలు వెలుగుతుంటాయి. క్యూఎల్ఈడీ కూడా ఈ కుటుంబమే, రంగులు మెరుగుపరచడానికి క్వాంటమ్ డాట్ల పొర అదనం. ఓఎల్ఈడీలో వెనక దీపాలుండవు, ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే అందులో నలుపు నిజంగా నలుపు. చీకట్లో సినిమా చూసేవాళ్లకు దాన్ని మించింది లేదు.

మరి అందరూ అదే కొనొచ్చా? పొద్దున లేచింది మొదలు న్యూస్ ఛానల్ మోగే ఇల్లయితే ఒకసారి ఆలోచించాలి. ఛానల్ లోగో, కింద పరిగెత్తే స్క్రోలింగ్ పట్టీ రోజూ గంటల తరబడి ఒకేచోట ఉంటే ఓఎల్ఈడీ తెరమీద వాటి మచ్చ శాశ్వతంగా పడే ప్రమాదం ఉంది. కొత్త టీవీల్లో దాన్ని తగ్గించే ఏర్పాట్లున్నా పూర్తిగా పోలేదు. పగటి వెలుతురు ధారాళంగా వచ్చే హాలుకూ, రోజంతా టీవీ నడిచే ఇంటికీ మంచి ఎల్ఈడీయే మేలు.

అందులోనూ రెండు రకాలు. 'ఐపీఎస్' తెర అయితే పక్క సోఫాలో, కింద చాపమీద కూర్చున్నవాళ్లకు కూడా రంగులు పెద్దగా మారకుండా కనిపిస్తాయి. 'వీఏ' తెరలో నలుపు బాగుంటుంది, మామూలుగా పక్కనుంచి చూస్తే బొమ్మ వెలిసిపోతుంది. ఇంటిల్లిపాదీ నలువైపులా కూర్చుని చూస్తారా, ఇద్దరే ఎదురుగా కూర్చుంటారా అన్నదాన్నిబట్టి ఎంచుకోవాలి. షాపులో మెరుపు చూసి మోసపోకుండా 'మూవీ' మోడ్ పెట్టమని అడగండి. ఒక చీకటి సన్నివేశం వేయించి చూడండి. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ చూడండి. ఏది ఎంతో అక్కడే తేలిపోతుంది.

పది నిమిషాల పని

టీవీ బిగించగానే మొదటిసారి తెరమీద ఒక ప్రశ్న వస్తుంది... 'హోమ్' కావాలా, 'స్టోర్' కావాలా అని. 'హోమ్' అనే చెప్పాలి. ఆ తర్వాత మీరు మామూలుగా టీవీ చూసే వేళకు, అప్పుడు వేసే లైట్లే వేసుకుని ఈ మార్పులు చేయండి.

మోడ్: 'సినిమా', 'మూవీ', 'ఫిల్మ్‌మేకర్'... వీటిలో ఏది ఉంటే అది ఎంచుకోండి. సగం పని ఇక్కడే అయిపోతుంది.

కలర్ టెంపరేచర్: 'కూల్' నుంచి 'వార్మ్'కు మార్చండి. సినిమాలకు రంగులు దిద్దేవాళ్లు తెల్లరంగుకు కొలమానంగా పెట్టుకునేది సుమారు 6500 కెల్విన్. దానికి దగ్గరగా ఉండేది వార్మే.

బ్రైట్‌నెస్: పేరు ఎలా ఉన్నా, చాలా టీవీల్లో ఇది సరిచేసేది నలుపును. రాత్రి సన్నివేశం ఒకటి ఆపి ఉంచి, నల్లకోటు మడతలో, జుట్టు పాయలో చూడండి. అవి కలిసిపోయి తారు ముద్దలా ఉంటే కొంచెం పెంచండి. చీకటి బూడిదరంగులోకి తిరిగితే తగ్గించండి. కొన్ని టీవీల్లో ఈ పనికి 'బ్లాక్ లెవెల్' అని వేరే మీట ఉంటుంది.

కాంట్రాస్ట్: ఇది తెలుపు సంగతి. తెల్లపంచె, తెల్లచొక్కా ఉన్న దృశ్యం చాలు. మడతలు కనపడకుండా కాగితంలా వెలిగిపోతుంటే తగ్గించండి.

కలర్: మనుషుల మొహాలే గీటురాయి. చామనఛాయ మనిషి చామనఛాయగానే కనిపించాలి. క్రికెట్ మైదానం ప్లాస్టిక్ గడ్డిలా మెరుస్తుంటే రంగు ఎక్కువైనట్టే.

షార్ప్‌నెస్: బాగా తగ్గించాలి. అక్షరాల చుట్టూ, భుజాల చుట్టూ సన్నటి తెల్లగీత కనిపిస్తే అది టీవీ సొంతంగా గీసిందే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది... కదలికలు. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీలోని 'మోషన్ స్మూతింగ్' ఆ ఫ్రేముల మధ్య తన సొంత ఫ్రేముల్ని కల్పించి ఇరికిస్తుంది. దాంతో కోట్లు పోసి తీసిన సినిమా కాస్తా డైలీ సీరియల్‌లా కనిపిస్తుంది! ఇది ఎంత ఇబ్బంది పెట్టిందంటే, 2018 డిసెంబరులో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ఆ సౌకర్యాన్ని ఆపేయమని ప్రేక్షకుల్ని కోరుతూ వీడియో విడుదల చేశారు. మరుసటి ఏడాది టీవీ కంపెనీలు, స్టూడియోలు కలిసి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ప్రకటించాయి. ఆ మోడ్‌లో ఈ స్మూతింగ్ దానంతటదే ఆగిపోతుంది. అది లేని టీవీల్లో మెనూలోకి వెళ్లి మోషన్ అన్న మాట ఎక్కడుందో వెతికి ఆపేయాలి. క్రికెట్ చూసేటప్పుడు కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చు.

నల్లపట్టీలు తప్పు కాదు

'ఇంత పెద్ద టీవీ కొంటే పైనా కిందా నల్లపట్టీలేంటి?' చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదే. టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.78 రెట్లు. సినిమాస్కోప్ బొమ్మ వెడల్పు ఎత్తుకు దాదాపు 2.35 రెట్లు. 1974లో వచ్చిన తెలుగు తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు'ను పూర్తిగా చూడాలంటే ఆ పట్టీలు ఉండాల్సిందే. 'జూమ్' నొక్కి వాటిని పోగొడితే అటొక మనిషి, ఇటొక మనిషి తెర బయటికి పోతారు. 1957 నాటి 'మాయాబజార్' లాంటి పాత సినిమాలకు ఈ పట్టీలు ఎడాపెడా పక్కలకు వస్తాయి. వాటిని సాగదీస్తే నాజూకు సావిత్రి కూడా లావెక్కిపోతుంది! 'ఒరిజినల్' లేదా 'ఆటో' పెట్టి వదిలేయండి. ఛానల్ స్క్రోలింగ్ సగం తెగిపోతుంటే మాత్రం 'స్క్రీన్ ఫిట్', 'జస్ట్ స్కాన్' లాంటి పేరుతో ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

మాటలు వినపడట్లేదా?

ఫైటు వస్తే ఇల్లు అదురుతుంది. మాటలొస్తే ఏమీ వినపడదు. సౌండ్ పెంచడం, తగ్గించడం... రిమోట్‌తో ఇదే పని! పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది మరీ ఇబ్బంది. టీవీలు పలచబడేకొద్దీ స్పీకర్లు చిన్నవైపోయి కిందికో, వెనక్కో తిరిగిపోయాయి. అందుకే బడ్జెట్ అంతా తెరకే ఖర్చు పెట్టకుండా కొంత సౌండ్‌కు మిగుల్చుకోవాలి. 5.1 ఏర్పాటులో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్. సినిమాలో మాటలు ప్రధానంగా వచ్చేది మధ్య స్పీకర్‌లోంచే. కాబట్టి సౌండ్‌బార్ కొన్నా మధ్య స్పీకర్ విడిగా ఉన్నది తీసుకోండి. వాట్లు చూసేటప్పుడు పెట్టెమీది పీఎంపీఓ అంకెను నమ్మకండి, ఆర్ఎంఎస్ ఎంతో అడగండి.

సబ్‌ఊఫర్‌ను మూలకు నెడితే గుడగుడలాడుతుంది, కాస్త ముందుకు జరపండి. మార్బుల్ నేల, నున్నటి గోడలూ ఉన్న హాల్లో మాట ప్రతిధ్వనిస్తుంది. ఒక తివాచీ, మందపాటి కర్టెన్లు వేస్తే అక్కడికక్కడే తేడా తెలుస్తుంది. కొత్తగా ఏమీ కొనలేకపోతే ఆడియో మెనూలో 'క్లియర్ వాయిస్', 'డైలాగ్', 'నైట్ మోడ్' లాంటివి ప్రయత్నించండి.

తేడా వస్తే...

సౌండ్‌బార్ మోగకపోతే: హెచ్‌డీఎంఐ వైరును టీవీలో 'ఏఆర్‌సీ' లేదా 'ఈఏఆర్‌సీ' అని రాసి ఉన్న చోటే గుచ్చాలి. మెనూలో ఆడియో అవుట్‌పుట్ కూడా మార్చాలి. పాత హోమ్ థియేటర్‌కు ఏఆర్‌సీ లేకపోతే ఆప్టికల్ వైరు వాడొచ్చు.

పెదాలకూ మాటకూ పొత్తు కుదరకపోతే: 'లిప్ సింక్' లేదా 'ఆడియో డిలే' సరిచేయండి.

సౌండ్ వస్తూ బొమ్మ రాకపోతే: చీకట్లో తెరకు దగ్గరగా టార్చి వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది వెనక దీపాలు. మెకానిక్ బాగుచేయగలడు. తెరమీద నిలువుగీతలు పడితే మాత్రం ఖర్చు పెద్దదే కావచ్చు, ముందు వారంటీ కాగితం వెతకండి.

'నో సిగ్నల్' అంటే: టీవీని తిట్టుకోకముందు వైరు తీసి మరో పోర్టులో పెట్టండి. జోరువానలో డిష్ సిగ్నల్ పోవడం మామూలే, వాన తగ్గితే వస్తుంది.

ఓటీటీలో బొమ్మ మసకబారితే: లోపం చాలాసార్లు ఇంటర్నెట్‌దే. 4కె సినిమాకు సెకనుకు 15 మెగాబిట్ల వేగమైనా ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది. రూటర్ దగ్గరుంటే వైఫైకి బదులు వైరు పెట్టండి.

రిమోట్ పనిచేయకపోతే: ఫోన్ కెమెరా ముందు పెట్టి మీట నొక్కండి. చాలా ఫోన్లలో రిమోట్ దీపం తెల్లగానో, ఊదాగానో మెరుస్తూ కనిపిస్తుంది. మెరిస్తే రిమోట్ బాగానే ఉన్నట్టు. మెరవకపోతే ముందు సెల్స్ మార్చండి.

ఉరుములు మెరుపులు ఉంటే: స్విచ్ కట్టేస్తే చాలదు. ప్లగ్గు, కేబుల్ వైరు, రెండూ పీకేయాలి. పిడుగు కేబుల్ దారిలోనూ రావచ్చు.

తెర తుడవాలంటే: పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. అద్దాలు తుడిచే స్ప్రే కొట్టొద్దు.

ఒక్కమాట. ఇవన్నీ సరిచేసిన తొలిరోజు ఇంట్లో అందరూ 'బొమ్మ డల్లయింది, పచ్చగా ఉంది' అంటారు. కంగారుపడి వెనక్కి మార్చొద్దు. కళ్లు మెరుపులకు అలవాటుపడి ఉన్నాయంతే. వారం రోజులు అలాగే చూడనివ్వండి. ఎనిమిదో రోజున మళ్లీ 'వివిడ్' పెట్టి చూపించండి. 'అబ్బ, కళ్లు పోతున్నాయి... తీసెయ్' అని వాళ్లే అంటారు!