ఇంటి పెద్దల వైద్యం, పంట పెట్టుబడి: రెండు ఖాతాలు కలపకండి

మే నెలాఖరులో విత్తనాలకు, ఎరువులకు దాచిన డబ్బు ఇంట్లో ఉంటుంది. అదే సమయంలో అమ్మకో నాన్నకో జబ్బు చేస్తే ఆ డబ్బు దవాఖానకు పోతుంది. విత్తనం, ఎరువు దుకాణంలో ఉద్దెరకు వస్తాయి. ఉద్దెర ఇచ్చిన వ్యాపారికే పత్తి, కంది అమ్మాల్సి వస్తుంది, అతను చెప్పిన ధరే ధర. పంట డబ్బు ఉద్దెరకు పోగా బ్యాంకు రుణం గడువు దాటుతుంది. కంగ్టి, నారాయణఖేడ్ వైపు చాలా ఇళ్ళలో ఒక జబ్బు భూమి అమ్ముకునే దాకా తీసుకెళ్ళేది ఇలాగే.

2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 91.7 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు 1,52,113 రూపాయలు. 2017-18 ఆరోగ్య సర్వేలో దేశంలోని పల్లెవాసులు దవాఖానలో ఒకసారి చేరితే సర్కారు దవాఖానలో సగటున 4,290 రూపాయలు, ప్రైవేటులో 27,347 రూపాయలు ఖర్చయినట్టు తేలింది. అంటే అప్పటికే అప్పున్న ఇంటి మీదే ఈ ఖర్చు వచ్చి పడుతోంది. వైద్యం మానుకోమని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు. అయితే వైద్యం ఖర్చును, సాగు ఖర్చును వేరువేరు ఖాతాలుగా నడిపితే పెద్దలకూ మంచి వైద్యం అందుతుంది, పొలమూ నిలుస్తుంది.

మొదటి పని: అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయండి. ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత, మిత్తి ఎంత, గడువు ఎప్పుడు, ఏం కుదువ పెట్టారు అనే ఐదు వివరాలు చాలు. బ్యాంకు పంట రుణం, మహిళా సంఘం అప్పు, బంగారం మీద అప్పు, ప్రైవేటు ఫైనాన్స్ వారం కిస్తీ, దుకాణం ఉద్దెర, ఊళ్ళో చేబదులు ఏదీ వదలకండి. చెరకు నరకడానికి వెళ్ళేవారు ముకద్దం దగ్గర తీసుకున్న అడ్వాన్సు కూడా అప్పే, అదీ రాయండి.

ఊళ్ళో నూటికి మూడు రూపాయల మిత్తి అంటే నెలకు మూడు. ఏడాదికి నూటికి 36. బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. రెండింటినీ ఏడాది లెక్కలోకి మార్చి పక్కపక్కన రాస్తేనే తేడా కనిపిస్తుంది.

ఒక లెక్క చూద్దాం

మూడెకరాల రైతుకు బ్యాంకులో 1,00,000 పంట రుణం, ఊళ్ళో మూడు రూపాయల మిత్తికి తెచ్చిన 80,000 అప్పు ఉన్నాయనుకుందాం. నాన్నకు బీపీ, షుగరు, గుండె మందులకు నెలకు 2,500 అవుతోంది.

- పంట రుణం గడువులో కడితే ఏడాది వడ్డీ: 4,000
- ఊళ్ళో అప్పు ఏడాది మిత్తి: 28,800
- నాన్న మందులు ఏడాదికి: 30,000

ఊళ్ళో అప్పుకు కట్టే మిత్తి దాదాపు నాన్న ఏడాది మందుల ఖర్చంత ఉంది. ఆ మిత్తి కట్టకుండా ఏటా అసలులో కలిపి నోటు తిరగరాస్తే 80,000 కాస్తా రెండేళ్ళకు 1,47,968 అవుతుంది. అదే 80,000ను ఏడాదికి 12 శాతం వడ్డీ ఉండే బంగారం రుణంలోకి మార్చుకుంటే ఏడాది వడ్డీ 9,600. మిగిలే 19,200తో ఏడు నెలలకు పైగా మందులు వస్తాయి. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు ముందుగా తీర్చాల్సింది పెద్ద అప్పు కాదు, మిత్తి ఎక్కువున్న అప్పు.

వైద్యం ఖర్చు రెండు రకాలు

ఆపరేషన్, దవాఖానలో చేరడం వంటివి ఒకసారి వచ్చే ఖర్చు. మందులు, పరీక్షలు, రాకపోకలు నెలనెలా వచ్చే ఖర్చు. ఒకసారి వచ్చే ఖర్చుకు పథకాలున్నాయి, తప్పనిసరైతే అప్పూ చేయవచ్చు. నెలనెలా వచ్చే ఖర్చుకు మాత్రం అప్పు చేయకూడదు, ఎందుకంటే అది వచ్చే నెలా ఉంటుంది. దాన్ని తగ్గించుకోవాలి, లేదా పాల డబ్బు, కూలి, పింఛను వంటి నెలవారీ రాబడికి ముడిపెట్టాలి.

డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి. మొత్తం ఎంత అవుతుంది? తర్వాత నెలకు ఎంత అవుతుంది? ఇది ఆరోగ్యశ్రీలో వస్తుందా? వెంటనే చేయకపోతే ఏమవుతుంది? ఖర్చు అంచనాను కాగితం మీద రాసివ్వమని అడగడంలో తప్పులేదు.

అప్పుకు ముందు అడగాల్సిన చోట్లు

1. ఆరోగ్యశ్రీ: తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. ఆహార భద్రత కార్డులో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయో లేదో జబ్బు రాకముందే చూసుకోండి. మన వాళ్ళు దగ్గరని బీదర్ వెళ్తుంటారు. బయలుదేరే ముందు ఆ దవాఖానలో ఆరోగ్యశ్రీ చెల్లుతుందో లేదో 104కు ఫోన్ చేసి అడగండి. చేరి, డబ్బు కట్టిన తర్వాత అడిగితే లాభం ఉండదు.

2. సర్కారు దవాఖానలు: బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. రక్త పరీక్షలకు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా నమూనాలు పంపుతారు, వాటికీ డబ్బు అక్కర్లేదు. పై లెక్కలోని 2,500లో బీపీ, షుగరు మందుల వాటా ఎంతో చూడండి, అంత మేరకు ప్రతి నెలా తగ్గుతుంది. మిగతా మందులకు జన ఔషధి దుకాణంలో అదే మందు ఉందేమో డాక్టరు చీటీ చూపించి అడగండి. పెద్ద జబ్బులకు సంగారెడ్డి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్, క్యాన్సర్‌కు ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నాయి. అత్యవసరమైతే 108 అంబులెన్సు ఉచితం.

3. ముఖ్యమంత్రి సహాయ నిధి: ఆరోగ్యశ్రీలో రాని వైద్యానికి సొంత డబ్బు కట్టి ఉంటే అసలు బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఆధార్, ఆహార భద్రత కార్డు, బ్యాంకు పాసుబుక్కుతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు. నిమ్స్ వంటి చోట వైద్యానికి ముందే ఎల్‌ఓసీ తీసుకునే వీలుంది. కట్టినదంతా తిరిగి వస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి. బిల్లులన్నీ ఒక సంచిలో భద్రపరచండి.

4. పింఛను: అర్హత ఉన్న వృద్ధులకు చేయూత పింఛను నెలకు 2,016, దివ్యాంగులకు 4,016 రూపాయలు. డయాలసిస్ రోగులకు కూడా పింఛను ఉంది. పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఈ డబ్బును పెద్దల మందులకే కేటాయించండి.

అప్పు తప్పనప్పుడు ఈ వరుసలో వెళ్ళండి

మొదట బ్యాంకు. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి లెక్కగట్టేటప్పుడు పంట ఖర్చు మీద అదనంగా 10 శాతం కుటుంబ అవసరాలకు కలపాలని నిబంధన ఉంది. మీ పరిమితిలో అది కలిసిందో లేదో బ్యాంకులో అడగండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల లోపు వ్యవసాయ రుణాలకు బ్యాంకులు తాకట్టు అడగకూడదు.

తర్వాత మహిళా సంఘం, స్త్రీనిధి. ఆ తర్వాత బ్యాంకులో బంగారం రుణం. బంగారం ఇంట్లో ఉంచుకుని ఊళ్ళో మూడు రూపాయల మిత్తికి అప్పు తేవడం అన్నిటికన్నా నష్టం. అయితే బంగారం రుణం గడువు తేదీని గోడ మీద రాసుకోండి, దాటితే వేలం నోటీసు వస్తుంది.

వారం కిస్తీల ఫైనాన్స్ తీసుకునే ముందు ఒక నియమం తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇంటి నెలవారీ రాబడిలో అన్ని అప్పుల కిస్తీలు కలిపి సగం దాటేలా సూక్ష్మ రుణం ఇవ్వకూడదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఇబ్బంది పెట్టకూడదు. అలా జరిగితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పరిష్కారం కాకపోతే 14448లో అంబుడ్స్‌మన్ గురించి అడగండి.

పంట రుణం గడువు దాటనివ్వకండి

గడువు దాటిన రోజు నుంచి 4 శాతం అప్పు ఖరీదైన అప్పుగా మారుతుంది. కొత్త రుణమూ పుట్టదు. చేతిలో అసలు లేకపోతే వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకునే వీలుందా అని గడువుకు నెల ముందే మేనేజరును అడగండి. మాఫీ వస్తుందని ఆగకండి. 2024లో జరిగిన 2 లక్షల మాఫీ 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య ఉన్న రుణాలకే. తర్వాత తీసుకున్నవి అందులో రావు.

మన దగ్గర చాలా పాసుపుస్తకాలు ఇంకా నాన్న పేరునే ఉన్నాయి. నాన్న మంచం పడితే రైతు భరోసా, పీఎం కిసాన్ డబ్బు ఆయన ఖాతాలోనే పడుతుంది, తీయడానికి ఆయన వేలిముద్ర కావాలి. రుణం రెన్యువల్‌కు ఆయన సంతకం కావాలి. పరిస్థితి ముదరకముందే బ్యాంకుకు వెళ్ళి నామినీ పేరు చూసుకోండి, ఖాతా నడపడానికి ఏం చేయాలో అడగండి. 70 ఏళ్ళు దాటినవారికి ఇంటి వద్దే బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు సూచించింది.

రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారులకే వర్తిస్తుంది. అరవై దాటిన నాన్న పేరున మొత్తం భూమి ఉంటే ఇంట్లో ఎవరికీ 5 లక్షల ఆ రక్షణ ఉండదు. భూమి పిల్లల పేరున మార్చాలనుకుంటే, పెద్దల పోషణ చూడాలన్న షరతును పత్రంలో రాయించండి. ఆ షరతు తప్పితే పత్రాన్ని రద్దు చేయించే హక్కు 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం పెద్దలకు ఇచ్చింది.

అన్నదమ్ముల మధ్య లెక్క

పెద్దలను దగ్గర ఉంచుకున్న కొడుకు మీదే ఖర్చంతా పడటం మనం చూస్తూనే ఉన్నాం. జబ్బు మొదట్లోనే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని ఎవరు నెలకు ఎంత, ఎవరు దవాఖానకు వెంట వెళ్ళాలి అని రాసుకోండి. డబ్బు ఇవ్వలేనివారు పని పంచుకోవచ్చు. కోత సమయంలో నాలుగు రోజులు వచ్చి అమ్మ దగ్గర ఉండటం కూడా వాటానే. అదే చట్టం కింద తల్లిదండ్రులు పోషణ కోసం ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. సలహాకు వృద్ధుల సహాయ నంబరు 14567.

వీటికి దూరంగా ఉండండి

- ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు మీద సంతకం చేయకండి.
- అప్పుకు హామీగా భూమి అమ్మకం కాగితం రాసివ్వకండి. అది తాకట్టు కాదు, అమ్మకం కింద వాదిస్తారు.
- పంట తనకే అమ్మాలన్న షరతుతో అప్పు తీసుకోకండి. 2025-26లో కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000. షరతు ఉంటే కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్ళే స్వేచ్ఛ పోతుంది.
- ఫోన్‌లో నిమిషాల్లో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి పోకండి.
- కట్టిన ప్రతి రూపాయికి రసీదు లేదా నోటు వెనుక జమ రాయించుకోండి.

ఏ పంట డబ్బు దేనికి?

పెసర, మినుము డబ్బు ముందుగా చేతికి వస్తుంది. దాన్ని మిత్తి ఎక్కువున్న అప్పుకు కట్టండి. సోయా డబ్బులో యాసంగి శనగ, జొన్న విత్తనాలకు కావాల్సింది ముందే పక్కన పెట్టండి. పత్తి ఏరిన కొద్దీ వచ్చే డబ్బులో పంట రుణం వాటా తీసి బ్యాంకు ఖాతాలోనే ఉంచండి. కంది డబ్బులోంచి వచ్చే వానాకాలం పెట్టుబడి పక్కన పెట్టాకే మిగతా ఖర్చు. వైద్యానికి ఒక చిన్న పొదుపు ఖాతా వేరుగా తెరిచి, పింఛను, అన్నదమ్ముల వాటా, పాల డబ్బు అందులో వేయండి. ఈ ఖాతాలోంచి సాగుకు, సాగు ఖాతాలోంచి దవాఖానకు తీయకూడదని ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి.

"కన్నవాళ్ళ కోసం అప్పు చేయడానికి వెనకాడాడు" అనే మాటకు భయపడి స్తోమతకు మించిన దవాఖానకు పోయేవారున్నారు. పెద్దలకు కావాల్సింది సమయానికి మందు, వేళకు అన్నం, పక్కన ఒక మనిషి. మీ పొలం నిలిస్తేనే వారికి ఇవి అందుతాయి. అప్పు గురించి ఇంట్లో దాచకండి. మనసు మరీ బరువెక్కితే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి, ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అప్పుల కాగితం పట్టుకుని రైతు వేదికకు వచ్చి మీ ఏఈఓను కలవండి. వచ్చే పంటకు ఎంత పెట్టుబడి కావాలో, ఎక్కడ తగ్గించవచ్చో మీతో కూర్చుని లెక్క వేస్తారు.